బావ గొంతుక్కూర్చున్న ఆదివారం

మొన్న శనివారం పొద్దున్న అక్క పెర్త్ నుంచి ఫోన్లో ఒక వీడియో పంపింది. కానింగ్ వేల్‌లో వాళ్ళ పెరడు. గోంగూర మడిలో మా బావ గొంతుక్కూర్చుని కలుపు తీస్తున్నాడు. డెబ్భై దాటిన మనిషి. ఒక మొక్క దగ్గర్నుంచి ఇంకో మొక్క దగ్గరికి లేవకుండానే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే బాతులా జరుగుతున్నాడు. చివర్లో నేల మీద చెయ్యి కూడా ఆనించకుండా లేచి నిలబడి, "తీసింది చాల్లే, ఆ పైపు ఇటివ్వు" అన్నాడు. మా అమ్మాయికి చూపించాను. అది ఫిజియోథెరపీ చదువుకుంది. తనకంటే రెండింతల వయసువాళ్ళని కుర్చీల్లోంచి లేపడం దాని ఉద్యోగం. వీడియో మళ్ళీ మళ్ళీ చూసి, "హౌ డజ్ హి ఈవెన్ డూ దట్, మమ్?" అంది. అలా కూర్చోగలిగినందుకే మీ పెదనాన్నని ఒకప్పుడు ఆల్ స్టార్ జట్టులోకి పిలిచారని చెప్పాను. "ఫర్ సిట్టింగ్?" అంది నమ్మకుండా. అవునన్నాను. డ్యూటీకి టైమైపోతోందని అది సగం విని వెళ్ళిపోయింది. చెప్పకుండా మిగిలిపోయిన సగం రోజంతా నన్ను పట్టుకునే ఉంది, అందుకే రాయడానికి కూర్చున్నాను.

తొంభైల మొదట్లో నేను అక్కావాళ్ళింట్లోనే ఉండేదాన్ని. గుంటూరులో నర్సింగ్ చదివాను. నాన్న పోయిన మరుసటేడు అక్క నన్ను పెర్త్ రప్పించుకుంది. పెద్దాసుపత్రిలో ఉద్యోగం, వారం విడిచి వారం నైట్ డ్యూటీ. అక్క ఒక వృద్ధాశ్రమంలో వంటల పని చూసేది. వాళ్ళకో కూతురు, ఏడేళ్ళది, తెలుగులో తిడితే ఇంగ్లీషులో జవాబిచ్చేది. బావది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇక్కడొక రొట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరు. మాటలు తక్కువ, నవ్వు అంతకంటే తక్కువ, పని మాత్రం నిదానంగా, వంక పెట్టడానికి వీల్లేకుండా చేస్తాడు. మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ కుర్చీలు, బెంచీలు వెతుక్కుంటుంటే బావ వెనక గోడ నీడన గొంతుక్కూర్చుని, మోకాళ్ళ మీద డబ్బా పెట్టుకుని పెరుగన్నం తినేవాడు. అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఎర్రజుట్టు మనిషి ఒకాయన చాలా రోజులు ఇది గమనించి, ఒకరోజు దగ్గరికొచ్చి అడిగాడట, "మేట్, అలా ఎంతసేపు కూర్చోగలవు?" అని. బావ కాసేపు ఆలోచించి, "రిటైరయ్యేదాకా" అన్నాడట.

ఆ ఎర్రజుట్టాయన ఆదివారాలు బేస్‌బాల్ ఆడతాడు. బంతి విసిరేవాడు, అంటే పిచ్చరు. బ్యాటు పట్టుకున్నవాడి వెనకాల ఒకడు గొంతుక్కూర్చుని, కొట్టలేక వదిలేసిన ప్రతి బంతినీ పట్టాలి. వాణ్ణి క్యాచరంటారు. మన వికెట్ కీపరు లాంటివాడే కానీ ఆట పొడుగునా అలా కూర్చునే ఉండాలి, మొహానికి ఇనప ముసుగొకటి. వాళ్ళ క్యాచరు గనుల్లో పని దొరికి కాల్గూర్లీ వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళెవరు కూర్చున్నా నాలుగో ఇన్నింగ్స్‌కల్లా మోకాళ్ళు పట్టుకుని మూలిగేవారు. బావ మూలగలేదు. చిన్నప్పుడు కాలేజీలో వికెట్ కీపింగ్ చేసినవాడు కాబట్టి పట్టడం వచ్చు, కూర్చోవడం పుట్టుకతో వచ్చు. బ్యాటింగు మాత్రం రాలేదు. క్రికెట్ బ్యాటు పట్టినట్టు కిందికి పట్టి, వంగి, బంతిని మర్యాదగా ఆపబోయేవాడు. ఆ ఆటలో మర్యాద పనికిరాదు. అయినా జట్టులో ఎవరూ ఏమీ అనేవారు కాదు. బావ తొమ్మిదో స్థానంలో వచ్చి, ఔటయి, మళ్ళీ ముసుగు తగిలించుకుని వెళ్ళి కూర్చునేవాడు.

అక్కకి ఈ ఆటంటే అస్సలు పడదు. ఆమె వాదన ప్యాంటు గురించి. "తెల్లప్యాంటేసుకుని ఎర్రమట్టిలో కూర్చునే ఆట ఎవడు కనిపెట్టాడే? వాడికి పెళ్ళాం లేదా?" అనేది, ఆదివారం రాత్రుళ్ళు బట్టలుతికే గదిలో బ్రష్షుతో రుద్దుతూ. ఒక్క మ్యాచికీ వెళ్ళలేదు. నేను మాత్రం డ్యూటీ లేని ఆదివారాలు వెళ్ళేదాన్ని. ఆరుబయట కూర్చోవచ్చు, సాసేజ్ సాండ్‌విచ్ దొరుకుతుంది, ఎవరూ నా పెళ్ళి సంగతి ఎత్తరు. అలా వెళ్ళీ వెళ్ళీ ఆట మొత్తం వచ్చేసింది.

ఆ ఏడాది వేసవిలో ఆల్ స్టార్ మ్యాచ్ ఒకటి పెట్టారు. పెర్త్‌ని నది రెండుగా చీలుస్తుంది కదా, నదికి ఉత్తరాన ఉన్న క్లబ్బులన్నిట్లోంచీ మంచివాళ్ళని ఏరి ఒక జట్టు, దక్షిణాన మా వైపు క్లబ్బుల్లోంచి ఒక జట్టు. మా ఎర్రజుట్టాయన్ని తీసుకున్నారు. బావని తీసుకోలేదు. బ్యాటు పట్టగలిగే క్యాచరు ఇంకో క్లబ్బులో ఉన్నాడట. బావ ఆ వారమంతా పెరుగన్నంలోకి ఆవకాయ అడగలేదు. మా ఇంట్లో అదే దుఃఖసూచన.

సరిగ్గా ఆ ఆదివారమే నాకు పెళ్ళిచూపులు పడ్డాయి. అప్పటికే రెండు సంబంధాలు వచ్చి వెళ్ళాయి. ఒకళ్ళకి నా నైట్ డ్యూటీలు నచ్చలేదు, ఇంకొకళ్ళకి నేను నచ్చలేదు. ఈ మూడోది బాపట్ల పాస్టరుగారి ద్వారా వచ్చింది. అబ్బాయి క్వీన్స్‌లాండ్‌లో టూవూంబా యూనివర్సిటీలో లెక్చరరు. యూని పని మీద నాలుగు రోజులు పెర్త్ వస్తున్నాడు, ఊరి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మేనమామగారిని వెంటబెట్టుకుని. మేనమామగారు మిషన్ హైస్కూల్లో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారు, సంఘపెద్ద కూడా. ఆదివారం మా ఇంట్లో భోజనం, పిల్లని చూడటం, సాయంత్రం విమానం. అక్క శుక్రవారం నుంచే మినప్పప్పు లెక్కలు మొదలుపెట్టింది. నాన్న లేరు గనక పెద్దరికం బావది. "మీరు పక్కన కూర్చుంటే చాలండీ, మాట్లాడకపోయినా పర్లేదు" అని అక్క ముందే చెప్పి ఉంచింది.

ఆదివారం ఆరాధన నుంచి ఇంటికొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. బావ తీశాడు. నేను పక్కగదిలో చీరకి పిన్నులు పెట్టుకుంటున్నాను. "నో మేట్, ఐ కాంట్. ఫ్యామిలీ థింగ్" అన్నాడు బావ. తర్వాత చాలాసేపు విన్నాడు. "సారీ మేట్" అని పెట్టేశాడు. బయటికొచ్చి ఏంటి బావా అంటే, ఏం లేదన్నాడు. నేను వదల్లేదు. ఎంపికైన క్యాచరు ప్రాక్టీసులో బొటనవేలు విరగ్గొట్టుకున్నాడట. తన బంతి పట్టడానికి ఇంకెవరూ వద్దు, బావే రావాలని ఎర్రజుట్టాయన పట్టుబట్టాడట. "వద్దన్నాను. అయిపోయింది. నువ్వెళ్ళి పూలు పెట్టుకో" అన్నాడు.

నేను వంటింట్లోకెళ్ళి అక్కతో చెప్పాను, పెళ్ళిచూపులు గ్రౌండులో పెట్టుకుందామని. అక్క గరిటె కింద పెట్టి నా వైపు చూసింది. "నీకేవన్నా పిచ్చా? సంఘపెద్దని పట్టుకుని ఆదివారం పూట ఆటకి తీసుకెళ్తామా?" అంది. గారెలు చల్లారినా బాగుంటాయని, కోడికూర ఎస్కీలో, అంటే ఐసుపెట్టెలో పెట్టక్కర్లేదు, గుడ్డ చుడితే చాలని, రెండు గంటల్లో ఆట అయిపోతుందని, అక్కణ్ణించే ఎయిర్‌పోర్టుకి దగ్గరని చెప్పాను. నిజం చెప్పాలంటే నాలో కొంచెం స్వార్థం కూడా ఉంది. ముందుగదిలో తలొంచుకుని కూర్చోవడం కంటే గ్రౌండులో కూర్చోవడం నయమనిపించింది. అక్క కిటికీలోంచి చూసింది. బావ పెరట్లో గోంగూర మడి దగ్గర ఊరికే నిలబడి ఉన్నాడు. కూర్చోలేదు, నిలబడ్డాడు. అక్క ఏమనుకుందో, "ఆ ప్యాంటు ఇస్త్రీ లేదు" అంది. మా ఇంట్లో అదే అంగీకారం.

అలా ఎర్రజుట్టాయన యూట్‌లో, వెనక తొట్టి ఉండే బండిలో, బావ ముందే వెళ్ళిపోయాడు. పెళ్ళివారిని వాళ్ళు దిగిన చోటు నుంచి తీసుకురావడానికి అక్కని పక్కన కూర్చోబెట్టుకుని స్టేషన్ వ్యాగన్ నేను నడిపాను. పెళ్ళికూతురే కారు తోలుకొచ్చి పెళ్ళికొడుకుని ఎక్కించుకోవడం మేనమామగారు ఊహించలేదు. పట్టుచీరతో స్టీరింగ్ ముందు కూర్చున్న నన్ను చూసి, "డ్రైవరు ఉంటాడనుకున్నానమ్మా" అన్నారు. వెనక సీట్లో పైన పిడి పట్టుకుని దారి పొడుగునా వదల్లేదు. అబ్బాయి గారెల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, పక్కన మా అక్క కూతురుతో కూర్చున్నాడు. సన్నగా ఉన్నాడు, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకున్నాడు. నేను ఏం అడిగినా మేనమామగారే జవాబిచ్చారు. ప్రయాణం బాగా జరిగిందా అంటే, "బాగా జరిగిందమ్మా" అని ఆయనే. పెర్త్ నచ్చిందా అంటే, "వాడికి నచ్చింది" అని ఆయనే. గ్రౌండులో దిగాక గానీ నాకు అర్థం కాలేదు. గిన్నె అందుకోబోతుంటే అబ్బాయి, "మీ... మీ... మీరు వదిలేయండి, నే... నేను తెస్తాను" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కొత్తవాళ్ళ దగ్గర నత్తి వస్తుందతనికి. పది నిమిషాల పెళ్ళిచూపుల్లో ఆ మనిషి ఒక్క వాక్యం పూర్తి చేసి ఉండడు, ఎక్కడా.

గ్రౌండులో మేనమామగారు కుర్చీ వేస్తే కూర్చోలేదు. గొడుగు వేసుకుని నిలబడ్డారు. "ప్రభువు దినాన ఇదేంటమ్మా" అని అక్కని ఒకసారి అడిగి, జవాబు కోసం ఆగకుండా అటు తిరిగారు. ఎండ మండిపోతోంది, ఈగలు పెదాల మీద వాలుతున్నాయి. ఎర్రజుట్టాయన పరిచయానికొచ్చి, టోపీ తీసి, "నో వర్రీస్ అంకుల్, కాసేపట్లో డాక్టర్ వచ్చేస్తాడు" అన్నాడు. మేనమామగారు కంగారుపడి ఎవరికి బాగాలేదని నన్నడిగారు. సముద్రం మీంచి మధ్యాహ్నాలు వచ్చే చల్లగాలిని ఇక్కడ డాక్టరంటారని చెప్పాను. "ఫీజు తీసుకోడు కదా" అన్నారు ముఖం మార్చకుండా. ఆయనకి హాస్యం ఉందని అప్పుడే మొదటిసారి తెలిసింది.

ఆ డాక్టరే ఆటని మార్చేశాడు. గాలి అవతలి కంచె వైపు నుంచి బ్యాటు పట్టినవాడి మొహం మీదికి కొడుతుంది. ఎంత బలంగా కొట్టినా బంతి పైకి లేచి, అక్కడే నిలబడి, పడటానికి చోటు వెతుక్కున్నట్టు నిదానంగా ఎవడో ఒకడి చేతుల్లోకి దిగేది. దానికి తోడు ఇటు ఎర్రజుట్టాయన, అటు ఉత్తరంవాళ్ళ పిచ్చరు, ఇద్దరూ మంచి ఊపు మీదున్నారు. మొదటి ఇన్నింగ్స్ సున్నా సున్నా. రెండోది సున్నా సున్నా. మూడోదీ అంతే. మా అక్క కూతురు, "నథింగ్ ఈజ్ హ్యాపెనింగ్" అని ప్రకటించి గారెల గిన్నె తెరిచింది. పరుగులు వందల్లో పడే క్రికెట్ చూసి పెరిగిన మేనమామగారు అప్పటికి కూర్చున్నారు. "ఇంకా ఎవరూ ఖాతా తెరవలేదా?" అన్నారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. నాలుగు మూలలుంటాయండీ, కొట్టినవాడు మూడు మూలలూ చుట్టి మళ్ళీ బయల్దేరిన చోటికే రావాలి, దాన్ని హోమ్ అంటారు, అక్కడ కాలు పెడితేనే ఒక పరుగు, ముగ్గురు ఔటయితే ఆ ఇన్నింగ్స్‌లో వాళ్ళ వంతు అయిపోయినట్టే, అలాంటి ఇన్నింగ్స్ తొమ్మిది. ఆయన శ్రద్ధగా విని, "బయల్దేరిన చోటికే రావడానికి ఇన్ని తంటాలా" అన్నారు. అబ్బాయి నవ్వాడు. నవ్వులో నత్తి లేదు.

నాలుగో ఇన్నింగ్స్ నుంచి మేనమామగారు కుర్చీ ఎత్తుకుని ముందుకు, బావ వెనకాల ఉన్న వల దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడైతే బంతి తిన్నగా మీదికొస్తున్నట్టు కనిపిస్తుంది, మజా వేరు. ఆయనటు వెళ్ళడంతో అబ్బాయి తరఫున జవాబిచ్చేవాళ్ళు లేకపోయారు. నేను అడిగినదానికి అతనే చెప్పాలి. చెప్పాడు. మొదట్లో ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య చాలాసేపు పట్టేది. నేను తొందరపడలేదు. తొందరపడటానికి ఆటలో ఏమీ జరగడం లేదు మరి. పిచ్చరు విసిరేలోపు నేలని కాలితో గీరుతాడు, టోపీ సర్దుకుంటాడు, తల ఊపుతాడు. ఆ ఖాళీలన్నీ మాకు సరిపోయాయి. నైట్ డ్యూటీలు మాననని చెప్పాను, వారం విడిచి వారం. తనకి వంటొచ్చని, పప్పు మాత్రం ఎప్పుడూ అడుగంటుతుందని చెప్పాడు. అడుగంటకుండా ఎలాగో చెప్పాను. టూవూంబాలో చలికాలం మన ఊటీలా ఉంటుందని, తెలుగు మాట వినాలంటే కారేసుకుని చాలా దూరం పోవాలని చెప్పాడు. ఆరో ఇన్నింగ్స్‌లో, పాఠం చెప్పేటప్పుడు నత్తి రాదని, పెళ్ళిచూపుల్లోనే వస్తుందని, అందుకే మామయ్య మాట్లాడతాడని ఒక్క ఊపున అనేశాడు. అనేశాక ఆ వాక్యం ఎక్కడా ఆగలేదని ఇద్దరం గమనించాం. ఇద్దరం ఆట వైపు తిరిగాం.

ఏడో ఇన్నింగ్స్‌లో చిన్న గొడవొచ్చింది. ఏ బంతి వెయ్యాలో క్యాచరు పిచ్చరుకి వేళ్ళతో సైగ చేస్తాడు. ఉత్తరంవాడొకడు రెండో మూల చేరి, అక్కణ్ణించి బావ వేళ్ళు చూసి, టోపీ ముట్టుకుని, చెవి ముట్టుకుని బ్యాటు పట్టినవాడికి చేరవేస్తున్నాడు. బావ పసిగట్టాడు. ఆట ఆపించి, ఎర్రజుట్టాయన దగ్గరికెళ్ళి రెండు ముక్కలు చెప్పి వచ్చాడు. ఆ తర్వాత వేళ్ళు చాపడం మానేసి, బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మనవాళ్ళు బజారు పద్దు లెక్కపెట్టుకున్నట్టు. ఫ్యాక్టరీలో రొట్టెల ట్రేలు బావ అలాగే లెక్కపెట్టేవాడు, ఎర్రజుట్టాయన చూసి నేర్చుకున్నాడు. రెండో మూల మీదివాడికి అది ఒళ్ళు దురదలా కనిపించి ఉంటుంది. వాళ్ళు వరసగా ఔటయ్యారు. మేనమామగారు వెనక్కి తిరిగి మా వైపు చూసి, "కణుపుల లెక్క" అన్నారు, ఏదో బంధుత్వం దొరికినట్టు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో నా పరువు పోయింది. మోకాళ్ళ కింద పడ్డ బంతి లెక్కలోకి రాదు, మావాడొకడికి అలా పడ్డదాన్ని అంపైరు సరైన బంతని ఔటిచ్చాడు. నాకు తెలీకుండానే లేచి నిలబడి, చేతిలో సగం కొరికిన గారెతో, "అంపైర్, దట్ వాజ్ లో" అని అరిచాను. గ్రౌండంతా తిరిగి చూసింది. పట్టుచీర, తల్లో పూలు, గారె. అక్క నా కొంగు పట్టి కూర్చోబెట్టింది. "అయిపోయింది. ఈ సంబంధమూ పోయింది" అంది గొంతు తగ్గించి. నేల చీలితే దిగిపోదామనిపించింది. అబ్బాయి నిదానంగా, "చాలా కిందికే పడింది. మీరు ఇంకొంచెం గట్టిగా అనాల్సింది" అన్నాడు.

తొమ్మిదితో అయిపోవాల్సిన ఆట సున్నా సున్నాతో పదికి వెళ్ళింది. పది పదకొండుకి వెళ్ళింది. అక్క గడియారం చూసుకోవడం మొదలుపెట్టింది. విమానం టైము ముంచుకొస్తోంది. పెద్దరికం చెయ్యాల్సిన మనిషేమో మట్టిలో కూర్చుని ఉన్నాడు, ఆయన రాకుండా పెళ్ళివారిని సాగనంపడం ఎలా? చివరికి తట్టుకోలేక లేచి, వల దగ్గరికి వెళ్ళి, బావ వీపు వైపు వంగి, సన్నగా తెలుగులో అంది, "ఏవండీ. ఒక్కటి వదిలేయండి. ఒకే ఒక్కటి. ఎవరో ఒకళ్ళు గెలిస్తే అయిపోతుంది. వాళ్ళకి ప్లేన్ టైమవుతోంది."

బావ తల తిప్పలేదు. అంపైరు అనుమానంగా చూసి, ఆమె ఏమంటోందని అడిగాడు. "మై వైఫ్. షి ఈజ్ ప్రేయింగ్" అన్నాడు బావ.

ఆ గ్రౌండులో తెలుగు అర్థమయ్యేవాళ్ళం ఎంతమందిమి? అందులో ఒకాయన అక్క పక్కనే కుర్చీలో ఉన్నారు. అక్కకి అప్పుడు గుర్తొచ్చింది. మొహం పాలిపోయింది. మేనమామగారు గొడుగు మడిచి, ఒళ్ళో పెట్టుకుని, అటు ఆట వైపే చూస్తూ అన్నారు, "అమ్మాయీ, మా కోసం ఆయన చేత దొంగాట ఆడించకు. విమానాలు రేపు కూడా ఎగురుతాయి. కూర్చో." ఆగి, "ఆ గారెలు ఇంకేమన్నా ఉన్నాయా?" అన్నారు.

అక్క కూర్చుంది. పదకొండో ఇన్నింగ్స్‌లో ముందు ఉత్తరంవాళ్ళ వంతు. ఇద్దరు ఔటయ్యారు, రెండో మూల మీద ఒకడున్నాడు. బ్యాటు పట్టినవాడు, గాలిని నమ్ముకోకుండా, నేలబారుగా ఎడమ పక్కకి కొట్టాడు. రెండో మూలవాడు మూడో మూల దాటి హోమ్ వైపు వచ్చేస్తున్నాడు. పెద్ద మనిషి, ఎద్దు వస్తున్నట్టుంది. అటు నుంచి మావాడు బంతి విసిరాడు. బావ పూర్తిగా లేవకుండానే దారికి అడ్డంగా జరిగాడు. బంతి, మనిషి ఒకేసారి వచ్చారు. ఇద్దరూ దుమ్ములో దొర్లారు. ముసుగొక పక్క, టోపీ ఒక పక్క. అక్క లేచి నిలబడింది, నోటి మీద చెయ్యి. దుమ్ము తగ్గేసరికి బావ వెల్లకిలా పడి ఉన్నాడు, గ్లవ్ మాత్రం పైకెత్తి పట్టుకున్నాడు, అందులో బంతి ఉంది. ఔట్. అక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చిట్లింది.

బావ లేచాడు గానీ కుడిచేతి చూపుడువేలు వాచిపోతోంది. నేను వల దగ్గరికి పరుగెత్తి చూశాను. విరగలేదు, కానీ బ్యాటు బిగించి పట్టడం కుదిరే పని కాదు. మా వంతులో ఇద్దరు ఔటయ్యారు, ముగ్గురు ఎలాగో మూడు మూలలూ చేరారు, తర్వాత కొట్టాల్సింది బావ. మార్చడానికి మనిషి లేడు. బావ బ్యాటు ఊరికే పట్టుకుని వెళ్ళి నిలబడ్డాడు. నిలబడ్డాడని అనకూడదు. అంతసేపు గొంతుక్కూర్చున్న మనిషికి మోకాళ్ళు పూర్తిగా విచ్చుకోలేదేమో, సగం కూర్చునే ఉన్నాడు. ఛాతీకీ మోకాళ్ళకీ మధ్య పడ్డ బంతే సరైన బంతి. బావ అలా ఉంటే ఆ మధ్యన ఉన్న చోటు జానెడు.

అటు పిచ్చరు అలిసిపోయాడు. ఒకటి ఎత్తుగా వేశాడు. ఒకటి సరిగ్గా వేశాడు. బావ బ్యాటు కదపలేదు. ఇంకొకటి పక్కకి. ఇంకొకటి సరిగ్గా. మళ్ళీ పక్కకి. ఇంకొక్క బంతి సరిగ్గా పడితే బావ ఔటు, పక్కకి పోతే కొట్టకుండానే మొదటి మూలకి నడిచి వెళ్ళొచ్చు, మూలల్లో ఉన్నవాళ్ళు తలా ఒక మూల ముందుకు జరిగి మూడో మూలవాడు హోమ్‌కి రావచ్చు. అబ్బాయి నా పక్కన, "కొ... కొట్టక్కర్లేదా?" అన్నాడు. కంగారులో నత్తి మళ్ళీ వచ్చింది. వద్దన్నాను. కొట్టలేడని చెప్పలేదు. ఆఖరి బంతి వచ్చింది. బావ చూశాడు. అంతే, చూశాడు. బంతి కిందుగా వెళ్ళి గ్లవ్‌లో పడింది. అంపైరు ముందు తన ముసుగు తీశాడు. తర్వాత మొదటి మూల వైపు చెయ్యి చూపించాడు.

అలా మా దక్షిణం జట్టు ఒకటి సున్నాతో గెలిచింది, గెలిపించిన మనిషి బ్యాటు ఊపకుండా. ఎర్రజుట్టాయన బావని ఎత్తి భుజాన వేసుకోబోతే, "వేలు, వేలు" అని అరిచాడు. అక్క మట్టిలో నుంచి తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి బావ ముందు నిలబడింది. ఏం అంటుందోనని చూస్తున్నాం. ఎర్రగా ఉన్న ఆ ప్యాంటు ఎగాదిగా చూసి, "ఇది ఉతకను. దాచుకోండి" అంది. బావ నవ్వాడు. నాకు తెలిసి ఆ ఏడాదిలో అదే.

విమానం వెళ్ళిపోయింది. పెళ్ళివారు ఆ రాత్రి మా ఇంట్లోనే ఉన్నారు, మా అక్క కూతురు గదిలో. భోజనాల ముందు మేనమామగారు ప్రార్థన చేశారు. కోడికూర చల్లారేంత పొడుగు ప్రార్థన. అందులో బావ వేలు త్వరగా మానాలని వేడుకున్నారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో చూపు తప్పినా పదకొండో ఇన్నింగ్స్‌లో సరిగ్గా చూసిన ఆ అంపైరు కళ్ళని దీవించమని వేడుకున్నారు. నేను కళ్ళు తెరిచి చూస్తే అబ్బాయి కూడా తెరిచే ఉన్నాడు. పొద్దున్న కాఫీ తాగుతూ మేనమామగారు అక్కతోనో బావతోనో కాదు, నాతోనే అన్నారు, "మా వాడు నిన్న ఎవరూ అందించకుండా మాట్లాడాడమ్మా. నేను చూశాను. నీకెలా ఉందో నువ్వు చెప్పు, తొందర లేదు." ఆలోచించుకుంటానన్నాను. ఆలోచించుకోవడానికి పెద్దగా పట్టలేదు కానీ, వెంటనే చెబితే బాగుండదని రెండు వారాలాగి ఫోన్ చేశాను. అవతల అతనే తీశాడు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎస్టీడీ బిల్లు తిరుగుతూనే ఉంది.

మేనమామగారు ఇప్పుడు లేరు. పోయేదాకా ప్రతి ఉత్తరంలోనూ బావ వేలి సంగతి అడిగేవారు. ఎర్రజుట్టాయనకి రెండు మోకాళ్ళూ మార్చారు, జుట్టు తెల్లబడింది, మేమింకా అదే పేరుతో పిలుస్తాం. నేను టూవూంబాకి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. మా ఇంట్లో పప్పు అడుగంటడం ఎప్పుడో మానేసింది. ఆ తర్వాత నా జీవితంలో పెద్ద పెద్ద రోజులు చాలా వచ్చాయి, పిల్లలు పుట్టిన రోజులు, ఇల్లు కొన్న రోజు, మంచివీ చెడ్డవీ. అవన్నీ వచ్చినంత తొందరగానూ వెళ్ళిపోయాయి, ఫోటోలు చూస్తే తప్ప సరిగ్గా గుర్తు రావు. ఏమీ జరగడం లేదని ఏడేళ్ళ పిల్ల విసుక్కున్న ఆ ఒక్క మధ్యాహ్నం మాత్రం నిమిషం నిమిషం గుర్తుంది. కాలం పరుగెత్తడం మానేసి మన పక్కన వచ్చి కూర్చునేది బహుశా అలాంటప్పుడేనేమో, మనకప్పుడు తెలీదు.